ప్లేట్‌లెట్లు ఎందుకు పడిపోయాయి?

(జూన్ 14, ప్రపంచ రక్తదాతల దినోత్సవం నాడు ఒక స్వచ్ఛంద రక్తదాతల బృందం సభలో ఒక ఐసీయూ వైద్యుడి ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

నన్ను ఈ సభకు పిలవడానికి వచ్చిన కుర్రాళ్ళు కుర్చీలో కూర్చోకముందే ఒక ప్రశ్న వేశారు. "సార్, వానలు మొదలైతే చాలు, మా వాట్సాప్ గ్రూపులో మెసేజ్‌ల మీద మెసేజ్‌లు. అర్జెంటుగా ఎస్‌డీపీ (ఒకే దాత నుంచి మిషన్‌తో తీసే ప్లేట్‌లెట్లు) కావాలి, ఐసీయూలో ఉన్నారు, ప్లేట్‌లెట్లు ఇరవై వేలే అని. పనులు మానుకుని పరిగెత్తుతున్నాం. అందులో నిజంగా అవసరమైనవెన్ని?" అని. నేను వెంటనే జవాబు చెప్పలేదు, టీ తెప్పించాను. ఎందుకంటే ఆ మెసేజ్ పెట్టమని చుట్టాలకు చెప్పేది మా వాళ్ళే. దొరికిపోయిన దొంగలా అయింది నా పని. ఆ జవాబే ఇవాళ మీ అందరి ముందూ చెప్పుకుంటాను.

ముందు ఈ ప్లేట్‌లెట్ అంటే ఏమిటో రెండు మాటలు. చాలామంది "తెల్ల రక్తకణాలు పడిపోయాయి" అంటుంటారు. అవి వేరు, ఇవి వేరు. ఇది అసలు పూర్తి కణం కూడా కాదు. ఎముక మూలుగలో మెగాకారియోసైట్ అనే ఒక భారీ కణం ఉంటుంది. దాని అంచుల నుంచి వేల సంఖ్యలో తెగిపడే తునకలే ప్లేట్‌లెట్లు. ఒక్కొక్కటి 2 నుంచి 3 మైక్రాన్లు, ఎర్రకణంలో సగం కూడా ఉండదు. 1882లో ఇటలీకి చెందిన బిజ్జొజెరో అనే ఆయన సూక్ష్మదర్శిని కింద చూసి, రక్తనాళం గాయపడిన చోట మొదట అంటుకునేవి ఇవేనని చెప్పాడు. మన ఒంట్లో రోజుకు దాదాపు 10,000 కోట్ల ప్లేట్‌లెట్లు పుడతాయి. వారం నుంచి పది రోజులు బతుకుతాయి. ఏ వేళలోనైనా మూడో వంతు ప్లీహంలో (స్ప్లీన్) దాగి ఉంటాయి. ఒక మైక్రోలీటరు రక్తంలో 1.5 లక్షల నుంచి 4.5 లక్షల వరకు ఉంటే మామూలు లెక్క. ల్యాబ్ స్లిప్పు మీద మీరు చూసేది ఆ అంకే.

ఇప్పుడు ఐసీయూకి వద్దాం. ప్లేట్‌లెట్లు తగ్గడం అక్కడ అరుదైన సంగతి కాదు, దినచర్య. 2023లో అచ్చయిన ఒక అధ్యయనంలో 10 దేశాల్లోని 52 ఐసీయూల రోగులను లెక్కగట్టారు. నూటికి 43 మందికి 1.5 లక్షల కంటే తక్కువకు పడ్డాయి. అంటే పది మంచాలున్న వార్డులో నాలుగు మంచాల దగ్గర ఈ మాట వినపడుతుందన్నమాట.

ఎందుకు పడతాయి? ఇంటి జమాఖర్చుతో పోల్చి చూడండి. చేతిలో డబ్బు తగ్గిందంటే ఆదాయం పోయి ఉండాలి, లేదా ఖర్చు పెరిగి ఉండాలి, లేదా బీరువాలో పెట్టి తాళం వేసి ఉండాలి. కేన్సర్ మందులు, మద్యం, కొన్ని వైరస్‌లు మూలుగును దెబ్బతీస్తే ఆదాయం పోయినట్టు. లివర్ గట్టిపడి ప్లీహం ఉబ్బితే బీరువాలో పెట్టినట్టు. యాక్సిడెంట్‌లో రక్తం పోయి లీటర్ల కొద్దీ సెలైన్ ఎక్కిస్తే, అది మజ్జిగలో చెంబుడు నీళ్ళు పోసినట్టు. ఐసీయూలో అన్నిటికన్నా ఎక్కువగా చూసేది మాత్రం ఖర్చు పెరగడం, అందులోనూ సెప్సిస్.

సెప్సిస్ అంటే ఒంట్లోకి దిగిన ఇన్ఫెక్షన్‌కి శరీరమే అదుపు తప్పి స్పందించి, సొంత అవయవాలనే దెబ్బతీసుకోవడం. ప్లేట్‌లెట్ పని రక్తం గడ్డకట్టించడమే అనుకుంటాం గానీ, సూక్ష్మజీవి దిగినప్పుడు తెల్లకణాలతో కలిసి పోట్లాటకు దిగే వాటిలో ఇదీ ఒకటి. రక్తనాళాల లోగోడలకు అంటుకుంటుంది, తెల్లకణాలు విసిరే వలల్లో చిక్కుకుంటుంది, చిన్నచిన్న గడ్డలుగా మారి ఖర్చయిపోతుంది. అందుకే సెప్సిస్ తీవ్రత కొలిచే సోఫా స్కోరులో ఊపిరితిత్తులు, గుండె-బీపీ, లివర్, కిడ్నీ, మెదడుతో పాటు ప్లేట్‌లెట్లకు కూడా ఒక గడి ఉంది. 1.5 లక్షల కిందకు పడితే 1 మార్కు, లక్ష కిందకు 2, యాభై వేల కిందకు 3, ఇరవై వేల కిందకు 4. పరీక్షల్లో మార్కులొస్తే సంతోషిస్తాం. ఇక్కడ మార్కులు పెరిగితే మాకు నిద్ర పట్టదు.

ఇంకో చిన్న కిటుకు. పెద్ద ఆపరేషనో, పెద్ద దెబ్బో తగిలిన మనిషికి మొదటి నాలుగు రోజులు ప్లేట్‌లెట్లు తగ్గడం సహజం. ఆ తర్వాత లేచి, రెండో వారానికి మామూలు కంటే ఎక్కువే అవుతాయి. అయిదో రోజు దాటినా లేవడం లేదంటే లోపల ఏదో కుదురుకోలేదని అర్థం. అలాగే నాలుగు లక్షలున్న మనిషికి రెండు రోజుల్లో 1.8 లక్షలైతే ల్యాబ్ స్లిప్పు మీద "నార్మల్" అనే ఉంటుంది. నా లెక్కలో అది నార్మల్ కాదు. అందుకే మా దగ్గర నేర్చుకునే పిల్లలు ఇవాళ్టి అంకె ఒక్కటే చదివి వినిపిస్తే నేను ఒప్పుకోను. మొన్న ఎంత, నిన్న ఎంత, ఇవాళ ఎంత? మూడూ కావాలి.

అంకె అన్నాను కాబట్టి, నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. అప్పుడు నేను కొత్తగా చేరిన జూనియర్ని. నడివయసు మనిషి, గుండెనొప్పితో వచ్చాడు. ప్లేట్‌లెట్లు 28 వేలు అని రిపోర్టు. ఒంటి మీద ఒక్క మచ్చ లేదు, చిగుళ్ళు శుభ్రం, సూది పొడిచిన చోట రక్తం చక్కగా ఆగింది. నేను అవేవీ చూడలేదు. కాగితం చూశాను, గాభరాపడ్డాను. గుండెకు ఇవ్వాల్సిన మందులు ఆపాను, ప్లేట్‌లెట్లు తెప్పించి ఎక్కించాను. రెండోసారి పరీక్షలో 30 వేలు. అప్పుడు ల్యాబ్‌లో ఉన్న పెద్దాయన, రిటైరవడానికి దగ్గరలో ఉన్న టెక్నీషియన్, నన్ను లోపలికి పిలిచి స్లైడు చూపించాడు. ప్లేట్‌లెట్లు ద్రాక్షగుత్తుల్లా ముద్దలు కట్టి ఉన్నాయి. "డాక్టరు గారూ, పర్పుల్ మూత ట్యూబులో మందుంటుంది కదా, అది కొందరి రక్తంలో ఇట్లా చేస్తుంది. మిషన్‌కి ఈ ముద్దలు ప్లేట్‌లెట్లుగా కనపడవు. నీలం మూత ట్యూబులో మళ్ళీ తీయండి" అన్నాడు. తీశాను. రెండు లక్షల పైన. ఆ మందు పేరు ఈడీటీఏ, నీలం ట్యూబులో ఉండేది సిట్రేట్. ఆ రోగికి అదృష్టం బాగుండి ఏమీ కాలేదు. కానీ ఎవరో ఒక దాత ఇచ్చిన ప్లేట్‌లెట్లు, అవసరం లేని మనిషికి ఎక్కించాను. మీ ముందు నిలబడి చెప్పుకోవాల్సిన తప్పు ఇది, అందుకే చెప్పాను.

సరే, అంకె నిజమే అని తేలింది. తర్వాతి ప్రశ్న ఎక్కించాలా వద్దా అన్నది కాదు, ఎందుకు తగ్గాయన్నది. కారణం దొరికితే చాలాసార్లు ప్లేట్‌లెట్ల సంచి అవసరమే రాదు.

ఒక పల్లెటూరి తల్లి, కలుపు తీతకు వెళ్ళే మనిషి. తొమ్మిది రోజులుగా జ్వరం. మా దగ్గరికి వచ్చేసరికి ఆయాసం, మగత, ప్లేట్‌లెట్లు 32 వేలు. అంతకుముందు చూపించుకున్న చోట డెంగీ అన్నారు. ఇద్దరు కొడుకులు అప్పటికే నలుగురు దాతలను పట్టుకుని వరండాలో కూర్చోబెట్టారు. నైట్ డ్యూటీ సిస్టర్ ఆమెకు ఒళ్ళు తుడుస్తూ, నడుము దగ్గర లంగా బొందు కట్టే చోట ఏదో ఉందని పిలిచింది. చూస్తే అగ్గిపుల్ల తలంత నల్లటి పక్కు, చుట్టూ ఎర్రటి వలయం. నొప్పి లేదు, దురద లేదు, ఆమెకు తెలియనే తెలియదు. అది స్క్రబ్ టైఫస్ గుర్తు. పొలం గట్ల మీద, పొదల్లో ఉండే నల్లిలాంటి పురుగు పిల్ల కుట్టిన చోట ఏర్పడే మచ్చ. దీనికి డాక్సీసైక్లిన్ అనే చాలా పాత, చాలా చవక మందు ఉంది. మొదలుపెట్టాం. రెండు రోజుల్లో జ్వరం తగ్గింది, ఆ వెనకే ప్లేట్‌లెట్లు లేచాయి. ఒక్క సంచి ఎక్కించలేదు. వరండాలో ఉన్న నలుగురు దాతలకు కొడుకులు ఇడ్లీలు పెట్టి పంపించారు. ఆ నల్ల పక్కు చంకల్లో, గజ్జల్లో, రొమ్ముల కింద దాక్కుంటుంది. వెతికితేనే కనపడుతుంది. ఖరీదైన పరీక్షల పుస్తకం తిరగేసే ముందు దుప్పటి తీసి ఒళ్ళంతా చూడమని నేను చెప్పేది అందుకే. మలేరియా, ఎలుకల నుంచి వచ్చే లెప్టోస్పైరోసిస్ కూడా ప్లేట్‌లెట్లను పడేస్తాయి, వాటికీ మందులున్నాయి.

పాముకాటు సంగతి చూడండి. రక్తపింజరి కరిస్తే దాని విషం రక్తం గడ్డకట్టే సరుకునంతా ఒంట్లోనే తగలేస్తుంది. చిగుళ్ళలోంచి, మూత్రంలోంచి రక్తం. ప్లేట్‌లెట్లు కూడా పడతాయి. ఇక్కడ మిషన్ కూడా అక్కర్లేదు. శుభ్రమైన పొడి గాజు గొట్టంలో 2 మిల్లీలీటర్ల రక్తం పోసి కదపకుండా 20 నిమిషాలు ఉంచి, వంచి చూడాలి. నీళ్ళలా జారిపోతే విషం ఎక్కినట్టే. దానికి విరుగుడు ఇంజెక్షన్లు ఇవ్వాలి. విషం లోపల ఉండగా సంచులు ఎక్కించడం అంటే చిల్లికుండలో నీళ్ళు పోయడమే.

ఇప్పుడు చెప్పబోయేది వింటే కొందరికి నమ్మబుద్ధి కాదు. ప్లేట్‌లెట్లు తగ్గితే రక్తం కారుతుందని అందరికీ తెలుసు. కానీ ప్లేట్‌లెట్లు తగ్గి, రక్తం గడ్డలు కట్టే జబ్బులు ఉన్నాయి. హెపారిన్ అనే ఇంజెక్షన్ వినే ఉంటారు, మంచం పట్టిన రోగుల కాళ్ళలో గడ్డలు కట్టకుండా ఇస్తాం, డయాలసిస్‌లో వాడతాం. మేలు చేసే మందే. కొద్దిమందికి మాత్రం, మొదలుపెట్టిన 5 నుంచి 10 రోజుల మధ్య, ఆ మందు మీద శరీరం యాంటీబాడీలు తయారుచేస్తుంది. అవి ప్లేట్‌లెట్లను రెచ్చగొడతాయి. రెచ్చిపోయిన ప్లేట్‌లెట్లు ఎక్కడపడితే అక్కడ గడ్డలు కట్టి లెక్క సగానికి పడిపోతుంది. ఒక పెద్దాయనకు 2.6 లక్షలున్నవి ఎనిమిదో రోజుకు 90 వేలయ్యాయి. ఇన్ఫెక్షనేమో అని మేం కల్చర్లు పంపుతుంటే, సిస్టర్ వచ్చి "సార్, ఈయన ఎడమ కాలు నిన్నటికంటే లావుగా ఉంది" అంది. స్కాన్ చేస్తే తొడ దాకా గడ్డ. అప్పుడు చేయాల్సింది హెపారిన్ మొత్తం ఆపడం. మొత్తం అంటే నరంలో పెట్టిన గొట్టం, మేం లైను అంటాం, అది మూసుకుపోకుండా వేసే చుక్కతో సహా. ఆపి ఊరుకుంటే చాలదు, గడ్డలు కట్టకుండా వేరే మందు ఇవ్వాలి. రక్తం కారనప్పుడు ఇలాంటి మనిషికి అంకె పెంచుదామని ప్లేట్‌లెట్లు ఎక్కిస్తే మంటలో నెయ్యి పోసినట్టే కావచ్చు. 

టీటీపీ అని, ఇలా ప్లేట్‌లెట్లు తగ్గి గడ్డలు కట్టే జబ్బే ఇంకొకటుంది. 1924లో న్యూయార్క్ వైద్యుడు మోష్‌కోవిట్జ్ 16 ఏళ్ళ అమ్మాయిలో మొదటిసారి వర్ణించాడు. దానికి రక్తంలోని ప్లాస్మాను మార్చడమే ప్రధాన వైద్యం. మార్చకపోతే పదిమందిలో తొమ్మిది మంది దక్కేవారు కాదు.

మందుల వల్ల వచ్చే తగ్గుదల ఇంకా చాలా ఉంది. లినెజోలిడ్ అనే యాంటీబయాటిక్ రెండు వారాలు నడిస్తే, కిడ్నీలు బాగాలేని వాళ్ళలో ఇంకా ముందే, ప్లేట్‌లెట్లను దించుతుంది. ఫిట్స్‌కు వాడే వాల్‌ప్రోయేట్ కూడా అంతే. జబ్బు తగ్గుతున్నా అంకె మాత్రం లేవకపోతే మందుల చీటీ తీసి పైనుంచి కిందిదాకా చదవాలి. ఇది చెప్పడానికి సులువు. పదిహేను మందులున్న చీటీని అర్ధరాత్రి చదవడం మాత్రం సులువు కాదు, ఒప్పుకుంటాను.

ఇక డెంగీ. మీ మెసేజ్‌లలో ఎక్కువ భాగం దీనివే కదా? ఆ సీజన్లో ఐసీయూ బయట నన్ను ఆపే ప్రతి మనిషీ అడిగేది ఒకటే ప్రశ్న: "సార్, ఇవాళ కౌంట్ ఎంత?" బీపీ ఎంత, మూత్రం వస్తోందా, అన్నం తిన్నాడా అని ఒక్కరూ అడగరు. క్రికెట్ స్కోరు అడిగినట్టు అడుగుతారు. డెంగీలో మనిషిని తీసుకుపోయేది చాలావరకు ప్లేట్‌లెట్లు కాదండీ. రక్తనాళాల్లోంచి ప్లాస్మా, అంటే రక్తంలోని నీటి భాగం, బయటికి కారిపోవడం. అదీ జ్వరం ఉన్నప్పుడు కాదు, జ్వరం తగ్గి ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకునే వేళ, అంటే జబ్బు మొదలైన 3వ రోజుకు, 7వ రోజుకు మధ్య. రక్తం చిక్కబడుతుంది, హెమటోక్రిట్, అంటే రక్తంలో ఎర్రకణాల వంతు, పెరుగుతుంది, కడుపునొప్పి, ఆగని వాంతులు, చేతులు కాళ్ళు చల్లబడటం. అప్పుడు కొలిచి కొలిచి సెలైన్ ఇవ్వడమే వైద్యం. తక్కువైతే ప్రమాదం, ఎక్కువైతే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది.

మరి ఇరవై వేలకు పడితే ఎక్కించొద్దా? ఈ ప్రశ్నకు సింగపూర్, మలేషియా వైద్యులు పరీక్ష పెట్టి జవాబు రాబట్టారు. 20 వేలు, అంతకన్నా తక్కువ ప్లేట్‌లెట్లున్న, పెద్దగా రక్తస్రావం లేని డెంగీ రోగులు 372 మందిని తీసుకున్నారు. సగం మందికి ప్లేట్‌లెట్లు ఎక్కించారు, సగం మందికి ఎక్కించలేదు. 2017లో ఫలితాలొచ్చాయి. ఎక్కించిన వాళ్ళలో నూటికి 21 మందికి, ఎక్కించని వాళ్ళలో 26 మందికి రక్తస్రావం. ఆ కాస్త తేడా కాకతాళీయం కావచ్చని లెక్కలు చెప్పాయి. దద్దుర్లు, ఎలర్జీ లాంటి ఇబ్బందులు మాత్రం ఎక్కించిన వాళ్ళలో మొత్తమ్మీద 13, ఎక్కించని వాళ్ళలో 2. డెంగీలో ఎక్కించిన ప్లేట్‌లెట్లు కూడా ఒంట్లో ఉన్నవాటి దారే పడతాయి. జబ్బు మలుపు తిరిగాక మూలుగే తయారుచేసుకుంటుంది. బొప్పాయి ఆకు రసం సంగతి అడుగుతారని తెలుసు. అంకె కాస్త త్వరగా లేస్తుందని చిన్న చిన్న అధ్యయనాలున్నాయి గానీ ప్రాణాపాయం తప్పిస్తుందన్న రుజువు లేదు. వాంతులవుతున్న మనిషికి ఆ చేదు పట్టించి, ఉన్న నీళ్ళు కూడా కక్కిస్తున్నారు. అది మానండి.

అలాగని ప్లేట్‌లెట్లు ఎక్కించడమే తప్పని నేను చెప్పానని రేపు వాట్సాప్‌లో పెట్టకండి. రక్తం కారుతుంటే, అంకె యాభై వేల కంటే తక్కువుంటే ఇవ్వాలి. పెద్ద ఆపరేషన్‌కు ముందు ఇవ్వాలి. కీమోథెరపీ వల్ల మూలుగు పనిచేయని కేన్సర్ రోగికి పదివేల కిందకు పడితే రక్తం కారకపోయినా ఇవ్వాలి, వాళ్ళకు ఆదాయమే లేదు కాబట్టి. నెదర్లాండ్స్‌లో 2023లో వచ్చిన ఒక పరిశోధన మాలాంటి వాళ్ళ అతిధీమాను కూడా తగ్గించింది. పది నుంచి యాభై వేల మధ్య ఉన్నవాళ్ళకు మెడలోనో మరోచోటో పెద్ద లైను వేసేటప్పుడు, ముందు ప్లేట్‌లెట్లు ఇచ్చిన వాళ్ళలో నూటికి 5 మందికి రక్తస్రావం అయితే, ఇవ్వని వాళ్ళలో 12 మందికి అయింది. కాబట్టి గుడ్డిగా ఇవ్వడమూ కాదు, గుడ్డిగా ఆపడమూ కాదు.

మీరిచ్చేది ఎక్కడ ఉంటుందో ఎప్పుడైనా చూశారా? ఎర్ర రక్తం ఫ్రిజ్‌లో ఉంటుంది. ప్లేట్‌లెట్లు చలికి పాడవుతాయి. 20 నుంచి 24 డిగ్రీల మధ్య, పగలూ రాత్రీ ఉయ్యాలలా ఊగే బల్ల మీద పడుకోబెడతారు. ఊగకపోతే ముద్దకడతాయి. అంత జాగ్రత్తగా చూసినా ఆయుష్షు 5 రోజులే. చల్లదనం లేదు కాబట్టి సూక్ష్మజీవులు పెరిగే ప్రమాదం కూడా వాటిలోనే ఎక్కువ. ఒక యూనిట్ రక్తం నుంచి తీసిన ఆర్‌డీపీ ఒకటి ఎక్కిస్తే పెద్దవాళ్ళకు 5 నుంచి 10 వేలు పెరగవచ్చు. మీరు మిషన్ దగ్గర గంటన్నర కూర్చుని ఇచ్చే ఎస్‌డీపీ ఒక్కటైతే 30 నుంచి 50 వేలు. సెప్సిస్‌లోనైతే అంత కూడా పెరగదు, ఎక్కించింది ఎక్కించినట్టే ఖర్చవుతుంది.

ఇక మెసేజ్ వచ్చినప్పుడు మీరు చేయగలిగింది. ఫోన్ చేసిన చుట్టాలను నిలదీయకండి, వాళ్ళు ఏ స్థితిలో ఉన్నారో నాకు తెలుసు. రెండే అడగండి: రక్తం పోతోందా? ఏదైనా ఆపరేషనో ప్రొసీజరో ఉందా? రెండింటికీ కాదంటే, కేన్సర్ వైద్యమూ కాకపోతే, "మేం సిద్ధంగా ఉన్నాం, డాక్టరు గారిని ఒకసారి అడిగి చెప్పండి" అనండి. ఆ ఒక్క ప్రశ్న చుట్టాల నోటి నుంచి మా దాకా వస్తే మేం కూడా ఇంకోసారి ఆలోచిస్తాం. నిజం చెప్పాలంటే, చాలాసార్లు మేం రాసేది జబ్బుకు భయపడి కాదు, "ప్లేట్‌లెట్లు పడిపోతున్నా డాక్టరు చూస్తూ కూర్చున్నాడు" అనే మాటకు భయపడి. మూడు రోజుల్లోపు ఆస్పిరిన్ వేసుకున్న వాళ్ళు ప్లేట్‌లెట్ దానానికి వెళ్ళకండి. ఖాళీ కడుపుతో అసలే వెళ్ళకండి.

అవసరం ఎలా ఉంటుందో కూడా చెప్పి దిగిపోతాను. నిరుడు వానాకాలంలో, రాత్రి రెండు దాటాక, కాన్పు కష్టమై రక్తం ఆగని ఒకమ్మాయిని తెచ్చారు. మాయ ముందే విడిపోయింది, గడ్డకట్టే శక్తి మొత్తం హరించుకుపోయింది. గాజుగొట్టంలో రక్తం నీళ్ళలా జారింది. సూది గుచ్చిన ప్రతిచోటా ఊట. ప్లేట్‌లెట్లు 19 వేలు. గైనకాలజిస్టు చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి. బ్లడ్ బ్యాంకులో ఉయ్యాల బల్ల ఖాళీ, రెండే ఆర్‌డీపీలున్నాయి. ఆ వారమంతా ఉన్నవన్నీ జ్వరం వార్డులకు పోయాయి. మీ గ్రూపుకే మెసేజ్ పెట్టాం. నలభై నిమిషాల్లో రెయిన్‌కోట్లతో ముగ్గురొచ్చారు, ఒకబ్బాయి కాళ్ళకు చెప్పులు కూడా లేవు. ఆ మూడు సంచులూ, ఎర్ర రక్తం, ప్లాస్మా ఎక్కుతుండగా ఆపరేషన్ ముగిసింది. తెల్లారేసరికి ఊట ఆగింది. తల్లి తొమ్మిదో రోజున ఇంటికెళ్ళింది. ఆ చెప్పులు లేని అబ్బాయి ఇవాళ ఈ హాల్లోనే ఉన్నాడు, పేరు చెప్పొద్దని ముందే మాట తీసుకున్నాడు.

నేను ఎక్కువ సమయం తీసుకున్నాను. మూడో వరుసలో ఆ నర్సింగ్ అమ్మాయి ఇందాకట్నుంచి చెయ్యెత్తే ఉంది. చెప్పమ్మా, ఏమిటి నీ ప్రశ్న?